కట్టుబడివాని యిల్లు

1800లో నైజాము కంపెనీవారికి విడిచిన దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, 1807లో స్వదేశమునకు మరలులోపల, ఈ సీమలోని పాళెగాండ్ర బలమును విరిచివైచెను. 80 మంది పాళెగాండ్ర కొలువున 30,000 మంది సాయుధులుండిరని ఆనాటి లెక్క. కొలువు పోయిన భటునకు మిగిలినవి వాన యెరుగని చేను, ఇల్లు, ఇల్లాలు.

ఊరి కావలికై మాన్యముల ననుభవించుచు మరికొంతకాలము నిలిచిన కట్టుబడివాండ్రు, ఆ మాన్యములకును ముప్పు రాగా, 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచి, నాడు కడప జిల్లాలోనిదైన కోవెలకుంట్ల ఖజానాపై పడిరి. 1847 ఫిబ్రవరి 22న ఆయనను అచ్చటనే ఉరితీసిరి. ఆ పోరును మనము నేటికిని తలచుకొందుము, తలచుకొనవలయును గూడ. కాని కత్తి పట్టిన చేయి ఇంటికి మరలిన పిదప ఏమి చేసెనో అడుగుట చరిత్రకారులకు అలవాటు కాలేదు.

ఆ ప్రశ్న తరువాతి యుద్ధములకును చెల్లును. రెండవ ప్రపంచయుద్ధమున భారతసైన్యము 25 లక్షలకు పెరిగినది. బర్మా అడవులలో చావును కన్నులార చూచి వచ్చినవాడు అర్ధరాత్రి కేకవేసి లేచినచో, మన పల్లెలలో గాలి సోకినదని తాయెత్తు కట్టెడివారు. ఆ బాధను 1915లోనే బ్రిటిషు వైద్యుడు చార్లెస్ మైయర్స్ ‘షెల్ షాక్’ అను పేర వర్ణించెను. 1980లో అమెరికా మనోవైద్యులు దానిని పీటీఎస్‌డీగా తమ వ్యాధుల పట్టికలో చేర్చిరి.

పురుషుని గాయమునకు ఇన్ని పేర్లు లభించినవి. ఆ రాత్రి ప్రక్కనున్న స్త్రీ గాయమునకో? మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చినదని మన సామెత. దెబ్బను ఎండవానలవలె సహజముగా నెంచి, నవ్వునే దుఃఖకారణముగా నిలిపిన యీ మాట నాకెన్నడును మ్రింగుడుపడలేదు. వ్యాధియే కొట్టినది, వాడు కాదనుటయు అట్టిదే. వియత్నాము నుండి మరలిన అమెరికా సైనికులను పరిశీలించినవారు, పీటీఎస్‌డీ గలవారిలో సుమారు మూడవ వంతు మంది ఒక్క యేటిలో భార్యపై చేయిచేసికొనిరని తేల్చిరి. ఇతర సైనికులలో కన్న ఇది రెట్టింపునకు పైమాటయే. అయినను, అదే పీడకలలతో వేగుచు చేయెత్తనివారు మిగిలిన రెండు వంతులు.

మన దేశమున 1983లో శిక్షాస్మృతిలో చేరిన 498ఎ సెక్షను భర్త క్రూరత్వమును నేరముగా నెంచినది. 2006 అక్టోబరు 26 నుండి అమలైన గృహహింస చట్టము వేరొక త్రోవ తెరచినది: మేజిస్ట్రేటు ఉభయులకు గాని, ఒకరికి గాని కౌన్సెలింగు విధింపవచ్చును, అవసరమైనచో కొట్టినవానినే గడప దాటించి, బాధితురాలిని ఆ యింటనే యుండనీయవచ్చును.