ప్రసవానంతర మొలలు
కాన్పు తరువాత మలద్వారం లోపల గానీ, అంచున గానీ రక్తనాళాలు ఉబ్బి ఏర్పడే బుడిపెలు. వాడుకలో మూలశంక, పైల్స్ అంటారు. ఆయుర్వేదంలో వీటి పేరు అర్శస్సు. సుశ్రుత సంహిత దీన్ని అష్టమహాగదాలలో (ఎనిమిది మహావ్యాధులలో) చేర్చింది.

కారణాలు: గర్భసంచి బరువు, ప్రొజెస్టిరాన్ వల్ల పేగుల కదలిక మందగించడం, నొప్పుల సమయంలో ముక్కడం. ఐరన్ మాత్రలు మలబద్ధకాన్ని పెంచవచ్చు. తెలుగు ఇళ్లలో బాలింతకు పథ్యం పేరిట నీళ్లు, కూరగాయలు తగ్గిస్తే మలం మరింత గట్టిపడుతుంది.

ఉపశమనం: చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతాయి. ఈలోగా వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, రోజుకు 2, 3 సార్లు 10–15 నిమిషాలు నడుము కింది భాగం మునిగేలా కూర్చోవాలి. ఆకుకూరలు, పండ్లు, నీళ్లు పెంచాలి. మరుగుదొడ్డిలో ఎక్కువసేపు కూర్చోకూడదు, ముక్కకూడదు. పాలిచ్చే తల్లి మందులను, పూతలను వైద్యుల సలహాతోనే వాడాలి.

చికిత్స: లోపలి మొలలను తీవ్రతను బట్టి 4 దశలుగా విభజిస్తారు. ఇవి మొండికేస్తే మొల మొదలు చుట్టూ రబ్బరు బ్యాండు వేస్తారు. ముదిరితే శస్త్రచికిత్స చేస్తారు.

రక్తస్రావం ఆగకపోయినా, నొప్పి హఠాత్తుగా పెరిగినా, జ్వరం వచ్చినా సిగ్గుపడి దాచుకోక వెంటనే వైద్యులకు చూపించుకోవాలి.