నాసాలో జ్ఞాన నిర్వహణ

ఒక ప్రాజెక్టులో ఇంజనీర్లు నేర్చుకున్నది తరువాతి ప్రాజెక్టు వాళ్లకు అందేలా అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేసుకుంటూ వచ్చిన ఏర్పాట్లు జ్ఞాన నిర్వహణ అనే పేరు కిందికి వస్తాయి. వీటిలో పెద్ద మలుపులు చాలావరకు ప్రమాదాల తరువాత వచ్చినవే. కాగితాలు దాచడంలో నాసా ఎన్నడూ వెనకబడలేదు. దాచినదాన్ని కావలసినవాళ్లు కావలసిన రోజున తీసి చూసేలా చేయడమే దానికి కొరుకుడుపడలేదు.

1960లలో అపోలో కార్యక్రమం నడిచినప్పుడు దీనికి విడిగా విభాగమేదీ లేదు. పాతవాళ్ల పక్కన పనిచేస్తూ కొత్తవాళ్లు నేర్చుకునేవారు. సాటర్న్-5 రాకెట్టు డ్రాయింగులను నాసా పారేసిందని ఒక కథ ఇప్పటికీ ప్రచారంలో ఉంది. అది నిజం కాదు; హంట్స్‌విల్‌లోని మార్షల్ కేంద్రంలో అవి మైక్రోఫిల్ముపై భద్రంగా ఉన్నాయి. పోయింది వేరే. ఆ రాకెట్టు మొదటి దశలో 5 ఎఫ్-1 ఇంజన్లు ఉండేవి. 2012 ప్రాంతంలో మార్షల్ కేంద్రపు యువ ఇంజనీర్లు, భద్రపరచి ఉంచిన ఎఫ్-1 ఒకదాన్ని విప్పి చూశారు. డ్రాయింగు ఒకలా ఉంటే ఇంజను మరోలా ఉంది. వెల్డింగు చేసినవాళ్లు, భాగాలు బిగించినవాళ్లు ఏ ఇంజనుకు తగ్గట్టు ఆ ఇంజనుకు చేత్తో సర్దుబాట్లు చేసుకుంటూ పోయారు. వాటిలో చాలా సంగతులు ఏ కాగితం మీదికీ ఎక్కలేదు. చివరికి భాగాలను ఒక్కొక్కటిగా స్కాన్ చేసి, కంప్యూటర్లో త్రిమితీయ నమూనాలు తయారుచేసుకోవలసి వచ్చింది. 2013 జనవరిలో ఆ ఇంజను గ్యాస్ జనరేటరును మళ్లీ మండించి పరీక్షించారు.

1986 జనవరి 28న ఛాలెంజర్ షటిల్ పేలి ఏడుగురు మరణించారు. బూస్టరు అతుకుల్లోని రబ్బరు ఓ-రింగులు చలికి బిగుసుకుపోవడం కారణం. ఆ ప్రమాదాన్ని ముందే ఊహించి బూస్టరు తయారీ సంస్థ ఇంజనీరు రోజర్ బోయిస్జోలీ 1985 జులైలోనే పైవాళ్లకు లేఖ రాశారు. ప్రయోగం ముందురోజు రాత్రి ఫోను సమావేశంలోనూ ఇంజనీర్లు వద్దన్నారు. ప్రయోగానికి తుది అనుమతి ఇచ్చినవాళ్లకు మాత్రం ఈ అభ్యంతరం చేరనేలేదని ప్రమాదంపై విచారణ జరిపిన రోజర్స్ కమిషన్ తేల్చింది.

1990లలో ఒక్కో ప్రాజెక్టు పాఠాలను నమోదు చేసే కంప్యూటర్ భాండాగారం వచ్చింది. రాయడం తప్పనిసరి తంతుగా మారింది, చదవడం అలవాటు కాలేదు. ప్రాజెక్టు మేనేజర్లలో చాలామంది దాన్ని వాడడం లేదని 2002లో అమెరికా కాంగ్రెస్ తనిఖీ సంస్థ నివేదిక ఇచ్చింది. ఈలోగా 1999 సెప్టెంబరు 23న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గర నాశనమైంది. తయారీ సంస్థ సాఫ్ట్‌వేర్ పౌండ్లలో లెక్కలు పంపితే, జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ వాటిని న్యూటన్లుగా తీసుకుంది. ఇది అందరూ చెప్పుకునే సంగతే. అంతగా చెప్పుకోనిది ఇంకొకటుంది: దారి లెక్క తేడాగా ఉందని నావిగేషన్ బృందానికి ముందే అనుమానం వచ్చింది. అయితే దాన్ని నియమం ప్రకారం ఫారంలో నమోదు చేయలేదు. మామూలు సంభాషణల్లో, ఈమెయిళ్లలో మిగిలిపోయింది.

2003 ఫిబ్రవరి 1న కొలంబియా షటిల్ కూలి కల్పనా చావ్లా సహా ఏడుగురు మరణించారు. ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క షటిల్ రెక్కకు తగలడం ఎంత కారణమో, సంస్థ పనితీరూ అంతే కారణమని విచారణ బోర్డు రాసింది. స్లైడ్లతో సరిపెట్టుకునే అలవాటును ప్రత్యేకంగా తప్పుపట్టింది. షటిల్ కక్ష్యలో ఉండగానే ఇంజనీర్లు తయారుచేసిన ఒక స్లైడులో, తగిలిన ముక్క పరిమాణం 1,920 ఘనపు అంగుళాలనీ, పరీక్షల్లో వాడినది 3 మాత్రమేననీ ఉంది. అంటే 640 రెట్లు. ఆ మాట స్లైడు అట్టడుగున, చిన్న అక్షరాల్లో, పైనున్న భరోసా శీర్షిక నీడలో పడిపోయింది.

ఆ తరువాతి ఏర్పాట్లలో మనుషులకు ప్రాధాన్యం పెరిగింది. ప్రాజెక్టుల ఒత్తిడికి దూరంగా ఉండి సాంకేతిక పరిశీలన చేసే నిపుణుల కేంద్రం 2003లోనే లాంగ్లీలో ఏర్పడింది. గొడార్డ్ కేంద్రం, సైన్యంలో ఆపరేషన్ అయిన వెంటనే జరిపే సమీక్షను చూసి, ప్రాజెక్టు మధ్యలోనే ఆగి మాట్లాడుకునే పద్ధతి తెచ్చింది. అంతకుముందే మొదలైన నాసా పత్రిక 'ఆస్క్'లో మేనేజర్లు తమ అనుభవాలను కథలుగా రాసేవారు. ఈ పత్రికను మరిచిపోవడం అన్యాయం. భాండాగారం కన్నా అదే చదవబుద్ధయ్యేది. 2012లో ఎడ్ హాఫ్‌మన్ నాసా తొలి ప్రధాన జ్ఞానాధికారి అయ్యారు. అందరికీ ఒకే సాఫ్ట్‌వేర్ రుద్దకుండా, కేంద్రానికొక బాధ్యుణ్ణి పెట్టి, ఎవరి పద్ధతి వారిని ఎంచుకోనిచ్చారు. అదే ఏడాది సంస్థ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ భాండాగారాన్ని మళ్లీ తనిఖీ చేశారు. దాన్ని వాడేవాళ్లు అప్పటికీ తక్కువేనని తేలింది.