నూనెగింజల పంటలు – పర్యావరణం (నల్లగొండ, మహబూబ్‌నగర్)

దక్షిణ తెలంగాణ చెల్క నేలల్లో ఒకప్పుడు ఆముదాలదే రాజ్యం. లోతుకు దిగే వేరు, వానను బట్టి బతికే స్వభావం. బోరు నీటితో పనిలేదు. దాసరి పురుగు ఆకులను ఈనెలు మిగిల్చి తినేస్తుంది, ముసురు పడితే గెలలకు బూజు పడుతుంది. ఆముదం పిండిలో రైసిన్ అనే విషం ఉంటుంది కనుక దాన్ని పశువులకు పెట్టరు, పొలానికి ఎరువుగా వేస్తారు. పాలెం పరిశోధన కేంద్రం ఈ పంటపై పనిచేస్తోంది.

వేరుశనగ వేరు బుడిపెలు నేలకు నత్రజనిని ఇస్తాయి, కట్టె పశువుల మేత. అయితే వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగి పంట నీటి తడులపైనే ఆధారం.

2021లో కేంద్రం ఆయిల్ పామ్ మిషన్ ప్రకటించాక ఇక్కడా ఆ తోటలు వచ్చాయి. ఇండోనేషియాలో పామాయిల్‌పై ఉన్న ప్రధాన అభియోగం అడవుల నరికివేత. ఇక్కడ అడగాల్సింది నీటి లెక్క. ఎకరాకు 57 చెట్లు. ఎండాకాలంలో చెట్టుకు రోజుకు 200 లీటర్లనుకున్నా 11 వేల లీటర్లు దాటుతుంది. ఎకరం లెక్కన నూనె దిగుబడిలో దీన్ని మించిన పంట లేదన్నదీ నిజమే. కాలువ కింద సరే. ఫ్లోరైడ్ నీళ్లున్న మర్రిగూడ లాంటి చోట్ల బోర్లను నమ్మి వేయడం సాహసమే.

పత్తిగింజల నూనె దూదికి ఉపఉత్పత్తి, దాని పురుగుమందుల భారాన్ని దూదితో కలిపే లెక్కించాలి.