గిరిజన బాలికలు - టీకా - సమ్మతి పత్రం: ఖమ్మం, భద్రాచలం ఏజెన్సీ అనుభవం

(ప్రత్యేక వ్యాసం)

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణపై గిరిజన ప్రాంతాలలో ప్రచారం చేపట్టే అధికారులకు, ఆ వార్తలు రాసే పాత్రికేయులకు 2009-10 నాటి ఖమ్మం జిల్లా ఉదంతం తెలిసి ఉండవలసిన అవసరమున్నది. వైద్యసేవ గూడెం వరకు చేరడం ఒక ఎత్తు కాగా, ఆ సేవ ఏమిటో తెలుసుకొని అంగీకరించడం మరొక ఎత్తు. ఈ రెండింటి మధ్య దూరం అంత స్పష్టంగా బయటపడిన సందర్భాలు అరుదు.

2009 జూలైలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్.పి.వి.) టీకా ప్రయోగాత్మక కార్యక్రమం ప్రారంభమైనది. అమెరికాలోని సియాటిల్ కేంద్రంగా పనిచేసే 'పాత్' అనే స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం దీనిని సంయుక్తంగా చేపట్టాయి. బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ నిధులు సమకూర్చగా, టీకాను తయారీ సంస్థ ఉచితంగా అందజేసింది. గిరిజన ప్రాంతంగా భద్రాచలం, పట్టణ ప్రాంతంగా కొత్తగూడెం, గ్రామీణ ప్రాంతంగా తిరుమలాయపాలెం మండలాలను ఎంపిక చేశారు. 10 నుంచి 14 ఏళ్ల లోపు బాలికలు సుమారు 14 వేల మందికి మూడు డోసుల గార్డసిల్ టీకా ఇవ్వాలన్నది లక్ష్యం. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో ఇదే తరహా కార్యక్రమం మరో కంపెనీ టీకాతో సాగింది.

టీకా ఉద్దేశాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి హెచ్.పి.వి. 16, 18 రకాలే కారణం. 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏటా లక్షా 20 వేలకు పైగా మహిళలు ఈ వ్యాధి బారిన పడుతుండగా, 70 వేలకు పైగా మరణిస్తున్నారు. చిక్కు వచ్చింది సమ్మతి దగ్గర.

టీకా వేసుకున్న వారిలో గణనీయమైన సంఖ్యలో బాలికలు ఆశ్రమ పాఠశాలల్లో, వసతి గృహాలలో ఉండి చదువుకునేవారు. తల్లిదండ్రులు దూర గ్రామాలలో ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాలలో 1,948 పత్రాలపై వేలిముద్రలు, 2,763 పత్రాలపై వసతి గృహ వార్డెన్ల సంతకాలు ఉన్నట్లు తేలింది. కొన్నింటిపై సాక్షి సంతకమే లేదు. వేలిముద్ర వేయడం దానికదే తప్పు కాదు. చదువురాని వారి విషయంలో నిష్పాక్షికమైన సాక్షి సమక్షంలో వివరాలన్నీ చదివి వినిపించి, ఆ సాక్షి చేత కూడా సంతకం చేయించాలన్నది నిబంధన. ఇంటిలో కోయ భాష మాట్లాడే తల్లికి తెలుగు కాగితం చదివి వినిపించినంత మాత్రాన అర్థమైనట్లు భావించరాదన్నది కూడా ఇక్కడ గమనార్హం.

2010 మార్చిలో 'సమ' అనే మహిళా ఆరోగ్య సంస్థ ప్రతినిధులు భద్రాచలం మండలంలో పర్యటించి ఈ అంశాలను వెలుగులోకి తెచ్చారు. అప్పటికే కొందరు బాలికలు మరణించినట్లు వార్తలు వెలువడ్డాయి. ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని నిలిపివేసి విచారణ కమిటీని నియమించింది. రెండు రాష్ట్రాలలో కలిపి నమోదైన మరణాలు ఏడు. వీటిలో నీట మునక ఒకటి, పాముకాటు ఒకటి, పురుగుమందు తాగి ఆత్మహత్యలు రెండు, మలేరియా ఒకటి కాగా, మిగిలిన రెండింటి కారణాలు అంత స్పష్టంగా తేలలేదు. మరణాలకు టీకాతో సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువని 2011లో కమిటీ అభిప్రాయపడింది; అదే సమయంలో సమ్మతి సేకరణలో లోపాలను ప్రస్తావించింది. 'టీకా వల్ల ఏడుగురి మృతి' అని రాయడం ఎంత పొరపాటో, 'అంతా సక్రమమే' అని రాయడమూ అంతే పొరపాటు.

2013 ఆగస్టు 30న ఆరోగ్య శాఖ పార్లమెంటరీ స్థాయీ సంఘం సమర్పించిన 72వ నివేదిక మరింత తీవ్రంగా వ్యాఖ్యానించింది. పేరు ఏదైనా ఇది క్లినికల్ ట్రయల్ కిందికే వస్తుందని, దుష్ఫలితాలు నమోదుచేసే తగిన ఏర్పాటు లేదని పేర్కొన్నది. పాత్ సంస్థ ఈ నిర్ధారణలను తోసిపుచ్చింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరగా, పార్లమెంటరీ సంఘాల నివేదికలను న్యాయస్థానాలు పరిశీలనకు తీసుకోవచ్చునని రాజ్యాంగ ధర్మాసనం 2018 మే 9న తీర్పు చెప్పింది.

పాత రికార్డులను పరిశీలించేవారు సరిహద్దుల మార్పును గుర్తుంచుకోవాలి. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండగా, ఆ మండలంలోని మిగిలిన గ్రామాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయినవి. 2016 అక్టోబరులో కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాలు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరగా, తిరుమలాయపాలెం ఖమ్మం జిల్లాలోనే ఉన్నది.

పరిశోధనలో పిల్లలు పాల్గొనాలంటే తల్లిదండ్రుల లేదా చట్టబద్ధ సంరక్షకుల సమ్మతితో పాటు, ఏడేళ్లు దాటిన పిల్లల అంగీకారం కూడా తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి. ఇక టీకా విషయానికి వస్తే, 9-14 ఏళ్ల బాలికలకు ఒకటి లేదా రెండు డోసులు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో ప్రకటించింది. దేశీయంగా తయారైన సెర్వావాక్ టీకాకు అదే ఏడాది అనుమతి లభించింది.

గూడేలలో ఆశా కార్యకర్తలు, ఎ.ఎన్.ఎం.లు తల్లులకు ముందుగా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. టీకా నివారణకే గాని, ఇప్పటికే సోకిన వైరస్‌ను గాని వ్యాధిని గాని నయం చేయదు. టీకా వేసుకున్నవారికి సైతం తరువాతి కాలంలో పరీక్ష అవసరమే. 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకొకసారి ఈ పరీక్ష జరపాలని 2016 జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని గర్భాశయ ముఖద్వారంపై అద్ది, తెల్లని మచ్చ ఏర్పడుతుందేమో నిమిషంలో చూస్తారు. మచ్చ కనిపిస్తే క్యాన్సర్ ఉన్నట్లు కాదు, తదుపరి పరీక్ష అవసరమని అర్థం. నెలసరి నిలిచిన తరువాత గాని, కలయిక తరువాత గాని రక్తస్రావం కనిపిస్తే వయసుతో నిమిత్తం లేకుండా వెంటనే వైద్యులను సంప్రదించాలి. పరీక్షకు గాని టీకాకు గాని నిరాకరించిన కుటుంబానికి ఇతర వైద్యసేవలు యథాతథంగా కొనసాగుతాయన్న విషయాన్ని సమ్మతి కోరేటప్పుడే వారి భాషలో తెలియజేయవలసి ఉంటుంది.