ఉస్తాద్‌కి ఎన్నేళ్ల గడువు?

మొన్న జుమా నమాజ్ అయ్యాక గోదావరిఖనిలో మసీదు మెట్ల దగ్గరే పంచాయితీ మొదలైంది. మా గల్లీ పిల్లలకు ఇరవై ఏళ్లుగా ఫుట్‌బాల్ నేర్పుతున్న రిటైర్డ్ బొగ్గుగని కార్మికుణ్ని మార్చాలట. "చాచాకి ఉమర్ అయిపోయింది భాయ్, వరసగా ఓడిపోతున్నాం" అన్నాడొక తండ్రి. కాగితం మీద నన్నూ సంతకం పెట్టమన్నారు. చేయి రాలేదు. మర్హూమ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ యాదికొచ్చారు.

బెన్ఫికాకు 1961, 1962లో యూరోపియన్ కప్ తెచ్చిన హంగేరీ కోచ్ బేలా గుట్‌మన్, ఆ వెంటనే క్లబ్బు వదిలేశాడు. ఒకేచోట మూడో ఏడు కోచ్‌కి గండమని ఆయన నమ్మకం.

మన రహీమ్ సాబ్ హైదరాబాద్‌లో స్కూల్ టీచర్. 1950లో సిటీ పోలీస్ టీమ్‌ను చేపట్టి, 1963 జూన్ 11న ఇంతెకాల్ అయ్యేదాకా వదల్లేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు. అది తొలినాళ్ల జోష్ అనుకుందామా? డ్యూరాండ్ కప్ 1950, 1954, 1957లో గెలిచారు. టీమ్ ఆంధ్రా పోలీస్ అయ్యాక 1961లో మళ్లీ గెలిచారు.

దేశం జట్టుకూ ఆయనే ఉస్తాద్. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం. మరుసటి ఏడే హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో షికస్త్. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ రోజే సంతకాలు సేకరించి ఉంటే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చేదా? 1958 టోక్యోలో పతకం రాలేదు, 1960 రోమ్‌లో ఒక్క మ్యాచ్ గెలవలేదు. అప్పుడు తీసేసి ఉంటే 1962 జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1 గెలుపు? అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది.

అసలు రాజ్ ఏమిటంటే, ఆయన ఏటా పాత సబక్‌నే అప్పజెప్పలేదు. బలహీనమైన కాలితోనే ఆడాలని, డ్రిబ్లింగ్ లేకుండా ఆడాలని పిల్లలకు వేరే టోర్నమెంట్లు పెట్టేవారు. ఉస్తాద్ తానే తాలిబ్‌గా ఉన్నంతకాలం గడువు తీరదు.

ఇంకో చేదు నిజం కూడా ఉంది. 1962 తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు. ఒక్క మనిషి భుజాల మీదే ఇల్లు నిలబెడితే, ఆయన పోయాక ఇల్లంతా ఖాళీ.

అందుకే నేను సంతకం పెట్టలేదు. "చాచాను ఉండనివ్వండి, ఆయన పక్కన ఒక జవాన్ షాగిర్ద్‌ను నిలబెట్టండి" అన్నాను. సాయంత్రం చాచాకూ అదే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెడలోని విజిల్ తీసి, గ్రౌండ్‌లో ఉన్న పెద్ద పిల్లాణ్ని పిలిచారు.