లేని పిల్ల ఖూనీ కేసు

ఈమధ్య ఒక పాఠకురాలి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నా నవల ఒకదానిలో ఒక చావు ఉంది, దాని చుట్టూ తిరిగే పోలీసులున్నారు, వాళ్ళ అవకతవకలున్నాయి. "చదువుతున్నంతసేపూ పడీపడీ నవ్వానండీ. పుస్తకం మూసేశాక నవ్వినందుకు సిగ్గేసింది. చావు ఉన్నచోట హాస్యం రాయొచ్చా?" అని అడిగారావిడ. అదే వారంలో ఇంకొకావిడ, "కాస్త నవ్వించారు కాబట్టి చివరిదాకా చదవగలిగాను" అని రాశారు. ఇద్దరిలో ఎవరిని కాదనను?

జవాబు కోసం ఆలోచిస్తుంటే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

అమ్మమ్మగారి ఊరు బోనకల్. రైల్లో ఖమ్మం దాటి బెజవాడ వైపు పోతుంటే మధిరకి ముందు వస్తుంది. 1990 ప్రాంతంలో మా వేసవి సెలవులన్నీ అక్కడే. మామయ్య పనిమీద ఖమ్మం వెళ్ళినప్పుడల్లా అద్దె పుస్తకాల కొట్టు నుంచి నాలుగైదు నవలలు సంచీలో వేసుకొచ్చేవాడు. అవి ఇంట్లోకి రాగానే రెండు జాతులుగా విడిపోయేవి. యద్దనపూడి సులోచనారాణి నవలలు దర్జాగా గూట్లో కూర్చునేవి. డిటెక్టివ్ నవలలు పరుపు కిందకి పోయేవి. అట్టమీద పిస్తోలూ, కెవ్వున అరుస్తున్న ఆడపిల్లా ఉంటే మరి వచ్చేపోయేవాళ్ళు ఏమనుకుంటారు?

కానీ మధ్యాహ్నం మగవాళ్ళు నడుం వాల్చాక బయటికి వచ్చేవి పరుపు కింద పుస్తకాలే! వసారాలో ఆవకాయ ముక్కలు తుడుస్తూ అందరం కూర్చుంటే పిన్ని పైకి చదివేది. చదువు రాని అమ్మమ్మ చెవి మాత్రం ఇటే పడేసి ఉండేది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, తెలుగులో డిటెక్టివ్ నవల నిన్నమొన్నటిది కాదు. 1910లలోనే దేవరాజు వేంకటకృష్ణారావుగారు 'వాడే వీడు' రాశారు. బెంగాలీలో పాంచ్‌కడీ దే రాసిన అపరాధ పరిశోధక నవలలు తెలుగులోకి దిగి మన తాతల నిద్ర చెడగొట్టాయి. తరవాత కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు వచ్చి ఇంటింటి మనుషులైపోయారు. 'చీకటికి వేయికళ్ళు' పేరు వినని పాతతరం పాఠకులు ఉండరేమో. అంతటి ఆరుద్రగారు కూడా ముచ్చటపడి 'పలకల వెండిగ్లాసు' రాశారు. మల్లాది వెంకటకృష్ణమూర్తిగారి 'చంటబ్బాయ్'లో అయితే డిటెక్టివే నవ్వులపాలవుతాడు. 1986లో జంధ్యాలగారు దాన్ని సినిమాగా తీస్తే జనం హాయిగా నవ్వుకున్నారు.

మా వసారాలో కూడా అభిప్రాయాలకేం కొదవలేదు. పిన్నికి యుగంధర్ అంటే ప్రాణం. అమ్మకి ఓపిక తక్కువ, చివరి పేజీ ముందు చదివేసి ఏమీ ఎరగనట్టు మొహం పెట్టుకుని కూర్చునేది. వాళ్ళిద్దరికీ నవ్వు తెప్పించేది మాత్రం ఇనస్పెక్టరు. హంతకుణ్ణి వదిలేసి అమాయకుణ్ణి పట్టుకోవడం, ఆనక డిటెక్టివ్ దగ్గరకొచ్చి తల గోక్కోవడం! ఈ ఆచారం మనం కనిపెట్టింది కాదులెండి. 1887లో షెర్లాక్ హోమ్స్ మొదటి కథతోనే ఇనస్పెక్టర్ లెస్ట్రేడ్ ఈ పాత్రకి ఒడిగట్టుకున్నాడు.

అమ్మమ్మకి మాత్రం నవ్వొచ్చేది కాదు. ఒకసారి పిన్నిని ఆపి, "ఆ ఇనస్పెక్టరు ఇంట్లోకొచ్చి, కుర్చీలో కూసోని, కాఫీ తాగి పోయిండా?" అని అడిగింది.

"అవునమ్మా."

"ఇల్లు చెదరగొట్టలే?"

"ఎందుకు చెదరగొడతాడే!"

"అయితే వాడు పోలీసోడు కాదులే," అని తేల్చేసి మళ్ళీ ముక్కలు తుడవడంలో పడింది.

ఆవిడ అనుభవం అలాంటిది మరి. ఆవిడ కొత్తకోడలుగా ఉన్న రోజుల్లో బోనకల్ నిజాం రాజ్యంలో ఉంది. కాస్త అవతలికి పోతే కృష్ణా జిల్లా, అది మద్రాసు రాష్ట్రం. ఖమ్మం జిల్లా ఇంకా పుట్టలేదు, అది 1953 మాట. 1946లో మొదలైన తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. ముందు రజాకార్లు, నిజాం పోలీసులు. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యాలు వచ్చాయి. సైన్యం వచ్చి రాజ్యాన్ని కలిపేసుకున్న పనికి 'పోలీసు యాక్షన్' అని పేరుపెట్టారు చూడండి, అదొక వింత. నిజాం పోయినా సోదాలు పోలేదు. కమ్యూనిస్టుల కోసం వెతుకులాట ఇంకో మూడేళ్ళు నడిచింది.

అలాంటి ఒక తెల్లవారుజామున ఎవరికోసమో వెతుక్కుంటూ అమ్మమ్మవాళ్ళింటికీ వచ్చారట. వడ్లగాదె బోర్లించారట. కావలసిన మనిషి దొరకలేదు. పోతూపోతూ వాళ్ళలో ఒకడు దొడ్లో కోడిని చంకన పెట్టుకుపోయాడట. అది చెప్పినప్పుడల్లా అమ్మమ్మ చివర ఒకే మాట అనేది. "మనిషి మీదంటే కేసుండె. కోడి మీద ఏం కేసే? అది గూడ సంఘంలో చేరిందేమో!" అనేసి బోసినోటితో తనే నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. ఆ నవ్వులో ఇప్పటికీ నాకు గాదె కిందపడ్డ చప్పుడు వినిపిస్తుంది.

ఒక వేసవిలో అద్దె నవలలు అయిపోయాయి. అమ్మ బి.ఏ.లో చదువుకున్న 'కన్యాశుల్కం' తీసింది. "నాటకమా!" అని పిన్ని మూతి విరిచింది. కానీ ఆ నాలుగు మధ్యాహ్నాలూ వసారాలోంచి ఎవరూ లేవలేదు.

ఎందుకో చెప్తాను. గిరీశాన్నీ మధురవాణినీ తల్చుకునే హడావిడిలో మనం ఒక సంగతి మర్చిపోతాం. కన్యాశుల్కంలో సగానికి సగం ఖూనీ కేసే! మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధానులుకి అమ్మకుండా ఆపడానికి కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, ఆ ముసలాయనకే పెళ్ళికూతురిగా కట్టబెడతాడు. పెళ్ళయ్యాక పెళ్ళికూతురు మాయం. ఇంకేముంది, లుబ్ధావధానులు పెళ్ళాన్ని చంపేశాడని కేసు. శవం లేదు. ఉండడానికి అసలు ఆ పిల్లే లేదు! అయినా కేసు నడుస్తుంది. హెడ్డు కనిస్టీబు ఉన్నాడు, వకీళ్ళున్నారు, పరువు ఊడుతున్న ముసలాయన ఉన్నాడు. అది పిల్ల కాదు, కామినీ పిశాచం, సీసాలో బిగించేశాను అనే పూజారి గవరయ్య కూడా ఉన్నాడు. లేని మనిషి చావు మీద ఇంతమంది బతుకుతెరువు!

ఈ నాటకం 1892లో విజయనగరంలో మొదట ఆడారు. 1897లో అచ్చయింది. గురజాడ అప్పారావుగారు బాగా పెంచి, తిరగరాసి 1909లో వేసిన రెండో కూర్పునే మనం చదువుకుంటున్నాం. అప్పట్నుంచీ పాఠకుల్లో రెండు పక్షాలు ఉండనే ఉన్నాయి. కడుపుబ్బ నవ్వించే ప్రహసనం అన్నవాళ్ళు ఎక్కువమంది. శ్రీశ్రీ మాత్రం ఒప్పుకోలేదు. ఇది బీభత్సరస ప్రధానమైన విషాదాంత నాటకం అన్నాడాయన. నాకొచ్చిన రెండు ఉత్తరాలూ ఈ పాత తగువులోవే అన్నమాట.

ఈ తగువులో నేను శ్రీశ్రీ వైపు ఎందుకు మొగ్గుతానంటే, మొదటి కూర్పుకి గురజాడగారు ఇంగ్లీషులో రాసుకున్న ముందుమాట ఒకటుంది. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో శుల్కం పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాల జాబితా తయారుచేయించాడట. మూడేళ్ళలో 1034 పెళ్ళిళ్ళు లెక్కకి వచ్చాయి. వాళ్ళలో 99 మంది పెళ్ళికూతుళ్ళకి అయిదేళ్ళు. ముగ్గురికి ఏడాది.

ఏడాది పిల్లకి మాటలైనా రావుకదా! ఇప్పుడు నాటకం మళ్ళీ చూడండి. అమ్ముడుపోయిన ఆ నిజం పిల్లల కోసం ఏ హెడ్డు కనిస్టీబూ బయల్దేరలేదు. ఏ వకీలూ కేసు పట్టలేదు. ఖూనీ కేసు నడిచిందల్లా, పుట్టనైనా పుట్టని పిల్ల కోసం. గురజాడగారు ఈ మాట ఎక్కడా ఉపన్యాసంగా చెప్పలేదు. నవ్వించి ఊరుకున్నారు.

ఆ దారిలో తరవాత నడిచినవారు విశాఖపట్నం వకీలు, రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు. 1960ల మొదట్లో మద్యనిషేధం మీద ఆయన రాసిన 'ఆరు సారా కథలు'లో 'మాయ' చదివారా? సారా కేసులో చిక్కిన ముత్యాలమ్మ, కొత్తగా గౌను తొడుక్కున్న ప్లీడరుకి పోలీసుల సంగతీ కోర్టుల సంగతీ పాఠం చెబుతుంది. మనం నవ్వుతూనే ఉంటాం, ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. యుగంధర్ నవలలో చివరికి హంతకుడు దొరుకుతాడు, దీపం ఆర్పి నిద్రపోతాం. శాస్త్రిగారి కథ పూర్తయ్యాక నేరం ఎవరిదో తెలుస్తుంది గానీ, పట్టుకునేవాడెవడూ కనబడడు.

ఆ పరుపు కింద పుస్తకాలని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. చదవడం మీద మోజు నాకు వాటితోనే పుట్టింది. పగలంతా చాకిరీ చేసిన ఆడమనిషికి, న్యాయం జరిగినట్టు కాసేపు అనిపించడం కూడా చిన్న సంగతేం కాదు. ఇనస్పెక్టరు మర్యాదగా కాఫీ తాగి వెళ్ళే ఇల్లు కథలో అయినా ఉండనివ్వండి.

ఇక ఉత్తరం రాసిన ఆవిడకి నా జవాబు. అమ్మా, నవ్వినందుకు సిగ్గుపడకండి. తరవాత సిగ్గేసింది చూశారూ, నేను ఆ కథ రాసింది దానికోసమే.

నాలుగో మధ్యాహ్నం అమ్మ కన్యాశుల్కం ముగించి పుస్తకం మూసింది. పిన్ని కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వి కొంగుతో తుడుచుకుంటోంది. అమ్మమ్మ మాత్రం మామిడిముక్క చేతిలో అలాగే పట్టుకుని కూర్చుంది.

"లేని పిల్ల కోసరం గంతమంది పోలీసులా?" అంది కాసేపటికి. "నా పెండ్లినాటికి నాకు పదకొండేండ్లే. ఒక్కడన్నా రాలేదేందే?"

వసారాలో ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడే కిసుక్కున నవ్వి, ముక్క తుడిచి జాడీలో వేసింది.