వెయ్యి కిలోల రంగుకు కిలో మందు

జీడిమెట్లలో ఓ చిన్న రంగుల ఫ్యాక్టరీ. లోపలికి రాగానే సూపర్‌వైజర్ మిమ్మల్ని గోడవార పెట్టిన బకెట్ల దగ్గరికి తీసుకెళ్తాడు. దుకాణాల నుంచి తిరిగొచ్చిన సరుకు అది. మూతలు ఉబ్బి ఉన్నాయి. ఒకటి లేపితే బుస్సుమని గాలి, వెనకే మురుగు కంపు. చిక్కగా జారాల్సిన రంగు పలచబడి గరిటె మీంచి బొటబొటా కారిపోతోంది. చిక్కదనం కోసం కలిపిన సెల్యులోజ్‌ను బ్యాక్టీరియా తినేసింది.

అది జరగకుండా చూసేదే అదిగో, తాళం వేసిన అరలోని బయోసైడ్ క్యాన్. లేబుల్ మీద చెయ్యి కాలిపోతున్న బొమ్మ, పక్కనే చచ్చిన చేప బొమ్మ.

"జర దూరం నిలబడున్రి సార్," అంటాడు ఆపరేటర్. కళ్లద్దాలు సర్దుకుంటాడు. నైట్రైల్ గ్లౌజులను వెలుతురుకు పట్టి చూస్తాడు, ఎక్కడైనా చిల్లు ఉందేమోనని. మిక్సర్‌లో వెయ్యి కిలోల రంగు నెమ్మదిగా తిరుగుతోంది. వేడి 40 డిగ్రీల లోపుకు దిగిందా, పీహెచ్ 8.5 దాటలేదు కదా అని చూసుకుంటాడు. దాటితే ఈ బయోసైడ్‌లోని సీఎంఐటీ అనే రసాయనం విరిగిపోతుంది, వేసినా వేయనట్టే. అందుకే దీన్ని చివర్లో కలుపుతారు.

తూకం సరిగ్గా కిలో. అందులో అసలు మందు ఒకటిన్నర శాతం, అంటే 15 గ్రాములు. మొత్తం రంగులో పది లక్షల పాళ్లకు 15 పాళ్లు. తగ్గిస్తే బతికిన బ్యాక్టీరియా మందుకు అలవాటు పడుతుంది. "ఉండనీ" అని చెయ్యి జారిస్తే గోడకు రంగు వేసేవాడి చర్మం మీద పడుతుంది.

పని అయ్యాక అతను చొక్కా చెయ్యి పైకి మడుస్తాడు. మణికట్టు మీద ముడతలు పడ్డ మచ్చ. "పాత కంపెనీల గ్లౌజు లోపటికి చుక్క పోయింది. అప్పుడు మంట లేకుండె. రాత్రికి పొక్కులొచ్చినయ్." కాలిన గాయం మానింది కానీ అలర్జీ పోలేదు. కొన్ని షాంపూలు తగిలినా, కొత్తగా రంగేసిన గదిలోకి వెళ్లినా దురద. ఒకసారి శరీరం ఈ మందును శత్రువుగా గుర్తుపెట్టుకుంటే మరిచిపోవడం దాదాపు ఉండదు. నన్ను బాధపెట్టేది ఇదే: బకెట్టు పాడైతే వాపసు తీసుకుంటాం, ఈ చేతికి వాపసు లేదు.

ఊపిరితిత్తులకు ఇంకా ప్రమాదం. దక్షిణ కొరియాలో ఇళ్లలో గాలికి తేమనిచ్చే యంత్రాల నీళ్లలో కలిపిన క్రిమిసంహారకాలు ప్రాణాలు తీశాయని 2011లో బయటపడింది. వాటిలో సీఎంఐటీ ఉన్నవీ ఉన్నాయి. అందుకే దీన్ని ఎక్కడా తుంపరగా చల్లకూడదు.

క్యాన్ కడిగిన నీళ్లు ఇక్కడ మోరీలోకి పోవు. మురుగును శుద్ధి చేసే ప్లాంటులో పనిచేసేదీ బ్యాక్టీరియాయే. ఈ నీళ్లు దాన్నీ చంపుతాయి. ఆ నీటిని విడి డ్రమ్ములో పట్టి, సోడియం బైసల్ఫైట్‌తో మందును విరిచాకే బయటికి పంపుతారు.

మీ యూనిట్‌లో ఇలాంటి క్యాన్ ఉంటే ఇవాళే వెళ్లి చూడండి. అడుగు దూరంలో ధార కట్టే నీటి కుళాయి ఉందా? చుక్క పడితే బట్టలు, గ్లౌజులు విప్పి కనీసం 15 నిమిషాలు కడగాలని కార్మికుడికి అతని భాషలో ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే ఆ క్యాన్ మూత తీయించకండి.